సోన్‌కుల్ నీళ్ళ మీద అత్త సవారీ

అమ్మా, మేమంతా క్షేమం, దిగులుపడకు.

మొన్న సోన్‌కుల్ సరస్సు అవతలి ఒడ్డున మా ఆడబిడ్డ జిబెక్‌కు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని మా అత్తే. గుర్రం మీద చుట్టూ తిరిగి వెళ్తే పొద్దుగూకుతుంది. అందుకని మామయ్య చేపల పడవలో ఆమెను ఎక్కించుకుని నేనే తెడ్డు వేశాను. మంచునీళ్ళకు వేళ్ళు కొంకర్లు పోయాయి. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. చారల తల బాతులు పిల్లలతో సహా పక్కకు జరిగి దారిచ్చాయి. అత్త మాత్రం వెనకనుంచి నా నడుం పట్టుకుని, పడవ డొక్కల్లో మడమలతో పొడుస్తూ “ఛూ! ఛూ!” అని అదిలిస్తూనే ఉంది.

“అత్తా, ఇది గుర్రం కాదు!”

“నోరుమూసుకుని తోలవే, ఆగిపోతుంది!”

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. ఆ కబురుతో ఒక్కదాన్నే తెడ్డు వేసుకుంటూ మామయ్య దగ్గరికి వచ్చాను. శుభవార్త తెచ్చినవాళ్ళు అడిగింది ఇవ్వాలిగా! “గుర్రం పిల్లను ఇవ్వనా?” అన్నాడు. నేను పడవ అడిగాను.

అరచేతులు బొబ్బలెక్కాయి, నాన్న పాత తోలు చేతితొడుగులు పంపు. ఎర్రావు ఈనిందా? నాన్నకు సలాములు. ఇకమీదట కార్డు మీద మామయ్య పేరు రాయకు. “పడవ గల కాలిపా, సోన్‌కుల్” అని రాయి, చేరుతుంది.