దొంగ స్విచ్చి ఎక్కడ?

అన్నయ్యా,

వదిన క్షేమం, కంగారుపడకు. నిన్న తెల్లవారుజామున తనకు నొప్పులొచ్చాయి. నీ బండి కాలు వాచేలా తన్నినా స్టార్టు కాలేదు. చివరికి పాలవ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఉత్తుత్తి నొప్పులేనని ఇంటికి పంపేశారు. అసలువి ఏ క్షణానైనా రావచ్చట.

మెకానిక్కు వచ్చి చూసి, "పెట్రోలుంది, ప్లగ్గు బాగుంది. కరెంటే రావట్లేదు. మీ అన్న ఎక్కడో దొంగ స్విచ్చి పెట్టుంటాడమ్మా" అన్నాడు. సీటు కింద, ట్యాంకు కింద అంతా తడిమాం, దొరకలేదు. దొంగలకు భయపడ్డావు సరే, ఇంట్లోవాళ్లకైనా చెప్పొద్దూ?

అదెక్కడుందో వెంటనే రాయి. కవరు కోసం వెతుక్కోకు, కార్డు మీదే రాయి. వీధి వీధంతా చదివినా ఫరవాలేదు. బీరువా తాళంచెవి కూడా నువ్వే దాచావా?

అమ్మ దీవెనలు. వదిన ఏమీ రాయొద్దంది. నీకు చెప్పాల్సింది కార్డులో పట్టదట.

చెల్లి