గాజు అవతలి చెయ్యి

అక్కా,

నీ కుట్టుమిషన్ పక్కన ఇంకో స్టూలు వేసి ఉంచు, వచ్చేస్తున్నాను. పాటలు మానేస్తున్నాను. తిట్టుకుంటే తిట్టుకో.

ఈ వారం నాకో పాట ఇచ్చారు. మనసు విరిగిన మనిషి తన గాయానికి తనే కట్టు కట్టుకుని, ఎవరి ఆసరా లేకుండా లేచి నడిచే పాట. నన్ను చూసే రాశారేమో అనుకున్నాను. తీరా మైకు ముందు నిలబడితే పల్లవే ఎత్తుకోలేకపోయాను. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. పదకొండేళ్లుగా ఏ పాటా నా అంతట నేను మొదలుపెట్టలేదక్కా! రికార్డింగ్ గది గాజు అవతల నీ మరిది చెయ్యెత్తితే ఊపిరి తీసుకునేదాన్ని, దించితే పాడేదాన్ని. ఆ ఊపిరి చప్పుడు తర్వాత కత్తిరించేసేవాళ్లు. నాకు తాళం నిలవదని ఆయనే అన్నాడు, నేనూ నమ్మేశాను.

ఆయన నన్ను వదిలేసి ఎనిమిది నెలలు, ఆ తర్వాత ఇదే మొదటి పాట. ఇవాళ సంగీతం వస్తోంది, పోతోంది, నేను ఖాళీ గాజుకేసి చూస్తూ కలలో ఉన్నట్టు నిలబడిపోయాను. రికార్డింగ్ పెద్దాయన “రేపు చూద్దాంలేమ్మా” అన్నాడు. రేపొక్కటే. ఆ తర్వాత గుండీలు కుట్టుకుంటూ నీ దగ్గరే పడి ఉంటాను.

నీ చెల్లి

---

అక్కా,

స్టూలు తీసెయ్యి.

ఉదయం వెళ్లేసరికి గాజు అవతల ఆయనే ఉన్నాడు! నిర్మాత పిలిపించాడట. “నేను లేకపోతే నీ వల్ల కాదని చెప్పానా?” అని నవ్వాడు. ఒళ్లు మండింది. ఆ చెయ్యి చూడగానే ప్రాణం లేచొచ్చింది కూడా, నీ దగ్గర అబద్ధమెందుకు? అందుకే భయమేసింది. పాట కాగితం పెట్టుకునే స్టాండు గిర్రున తిప్పి, గాజుకు వీపు పెట్టి, గోడకేసి నిలబడ్డాను.

రెండుసార్లు తప్పాను. హెడ్‌ఫోన్లలో “ఇటు తిరుగు” అంటూనే ఉన్నాడు. తిరగలేదు. కళ్లు మూసుకున్నాను. పియానో సన్నగా మొదలైంది, గోడ ఎటో జరిగిపోయింది. చిన్నప్పుడు నీ మిషన్ కింద పడుకుని ఆ టకటకకు పాడుకునేదాన్ని గుర్తుందా? నువ్వు దారం తెంపిన చోట ఊపిరి తీసుకునేదాన్ని. అప్పుడెవరు చెయ్యెత్తారు చెప్పు? ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. పాట అయిపోయాక తిరిగి చూస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

“పల్లవికి ముందు ఊపిరి గట్టిగా వినపడుతోందమ్మా, తీసెయ్యనా?” అన్నాడు పెద్దాయన.

“ఉంచండి. అది నాదే,” అన్నాను.

పాట పంపుతున్నాను. మాటలకన్నా ముందు చిన్న చప్పుడొకటి వస్తుంది. అక్కడ మిషన్ ఆపి విను.

నీ మిషన్ కింది పిల్ల