పండగకు ముందు తిన్న మామిడికాయ

ఆదివారం, గూడెం కొత్తవీధి

మనవరాలు ఇవాళ పట్టుబట్టి జపాను కార్టూన్ చూపించింది. గుమాస్తా ఒకడు చచ్చి వేరే లోకంలో కళ్లు తెరుస్తాడు. అక్కడివాళ్లు వెంటనే వాడికి దండాలు పెడతారు. ఇంత చవకబారు కథ నేనెక్కడా చూడలేదు.

"ఆడు మనలాంటోడే తాతా, అందుకే బాగుంటాది," అంది.

"నేనూ మైదానం నుంచి ఈ కొండకి మేస్టరుగా వచ్చినవాణ్ణే. కొత్తల పండగ చేసి తొలికాయ దేవతకి పెట్టకముందే మామిడికాయ కోసుకు తిన్నాను. దండాలా? ఊరంతా నాతో మాట మానేసింది. ఒక ముసలమ్మ మాత్రం రోజూ అంబలి తెచ్చి గుమ్మంలో పెట్టేది."

"ఆ ముసలమ్మ పేరేటి?"

లేచి నా గదిలోకి వచ్చేశాను. నన్ను చిన్నచూపు చూసినవాళ్ల పేర్లన్నీ పాత డైరీల్లో రాసిపెట్టుకున్నాను. ఆమె పేరు అడగనే లేదు.