పెన్సిల్‌తో రాసిన కేసులు

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు రిటైరై రెండేళ్లయినా, చెక్‌పోస్టు గేటు పైకి లేచినప్పుడల్లా నీ పొడి దగ్గే వినిపిస్తుంది. మన రేకుల షెడ్డు పడగొట్టి అద్దాల గది కట్టారు. టీ మాత్రం అదే కషాయం. నీతో తీసుకెళ్లిన మన పాత కుక్క దొరసాని ఇంకా నీ బూట్ల మీదే పడుకుంటోందా? ఇప్పుడొచ్చిన కుక్కకు వాసన పట్టడం వచ్చు, మనిషి మొహం చూడటం రాదు.

సరిహద్దు దాటేవాళ్ల దగ్గర చిటికెడు గంజాయి దొరికినా కేసు రాయాలని కొత్త ఆర్డరు. నిన్న ఒక నర్సమ్మ పర్సులో రెండు సిగరెట్లకు సరిపడా దొరికింది. నడుం నొప్పికట. కేసు పడితే ఉద్యోగం ఊడుతుంది. ఏడవలేదు, బతిమాలలేదు. "మీ పని మీరు చేయండి" అంది. అదే నన్ను తినేస్తోంది. కంప్యూటర్లో రాసి ఆపాను. ఒకటో తారీఖున ఆఫీసరు సెలవు నుంచి వచ్చేలోగా పంపాలి. నువ్వైతే చిన్న కేసులు పెన్సిల్‌తో రాసి, డ్యూటీ దిగేముందు చెరిపేసేవాడివి. నాకంత గుండె లేదు. ఏం చేయమంటావు?

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

దొరసాని కులాసా. ఇంట్లో అందరికంటే ముందు దానికే తిండి పెడుతుంది మీ వదిన.

రేకుల మీద వాన పడుతుంటే కుక్కతో కలిపి ముగ్గురం ఒకే బెంచీ మీద ముడుచుకున్న రోజులు తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. మనల్ని అక్కడ కూర్చోబెట్టింది తుపాకులు దాటించేవాళ్ల కోసంరా. కాగితాలు చూస్తామని ఆపి జేబులు తడమడం ఇంటికి పిలిచి సోదా చేసినట్టుంటుంది. ఆ పిల్లను వదిలెయ్.

ప్రేమతో, అన్నయ్య

అన్నయ్యా,

కోప్పడకు. వదిలేయమనడం రిటైరైనవాడికి తేలిక. నా ప్రమోషను కేసుల మీదే ఉంది. పైగా తప్పు తప్పే కదా. నువ్వు పుట్టుకతో మెత్తని మనిషివి, నీ దారి వేరు. ఒకటిన పొద్దున్నే పంపేస్తాను.

నీ తమ్ముడే, ఎప్పటికీ

తమ్ముడూ,

నేను మెత్తని మనిషిని కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక బడి పంతులమ్మను పట్టుకున్నాను. ఒక్క గంజాయి సిగరెట్టు. పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో కేసు రాసి, పెద్దాఫీసరు మెచ్చుకుంటే మురిసిపోయాను. ఆవిడ ఉద్యోగం పోయింది. మళ్లీ ఏ బడీ తీసుకోలేదు. మూడు నెలలు నిద్రపట్టక, అడ్రసు వెతుక్కుంటూ వెళ్లాను. పెన్సిలు పట్టింది ఆ తర్వాతే.

ఆవిడే మీ వదిన. కుట్టుపనంటే ప్రాణమని నీతో అనేది చూశావూ, అబద్ధం. ఇప్పటికీ బడి గంట వినపడితే మిషను ఆపేస్తుంది.

నీకు రాయమన్నది తనే.

మీ వదిన, అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

నర్సమ్మ కేసు తీసేశాను. ఆఫీసరుకు మొహం మీదే చెప్పాను. గేటు నుంచి తప్పించి నన్ను రికార్డు గదిలో పడేశాడు. ప్రమోషనుకు నీళ్లొదులుకున్నట్టే. దుమ్ముకి తుమ్ములు తప్ప ఇక్కడ పెద్ద ఇబ్బంది లేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. నర్సమ్మకంటే ముందు పదకొండు కేసులు పంపాను. ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు. వాళ్లలో ఒక లైబ్రరీ ఆవిడ ఉద్యోగం పోయిందని ఇక్కడి ఫైల్లో చూశాను. అడ్రసు కూడా ఉంది. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.

తలుపు తీస్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఆ రోజు వదిన గుమ్మంలో నిలబడి మొదట ఏమన్నావు? వెంటనే రాయి.

నీ తమ్ముడు