ప్యానెల్ గడువు, పిశీమా జాలి

శ్యాంబజార్, కలకత్తా

శ్రీచరణాలకు,

పిశీమా, ఉద్యోగం నోటిదాకా వచ్చి ఆగింది. పురూలియా జిల్లా ఆఫీసు గుమాస్తా పోస్టులకు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాదే. ఎంపికైనవాళ్లలో ఎవరైనా చేరకపోతే ఆ పోస్టు నాకొస్తుంది. కానీ ప్యానెల్ గడువు మహాలయ దాకానే. అది దాటితే లిస్టు చెల్లదు. నా వయసూ దాటిపోతుంది, ఇంకో పరీక్ష రాయలేను. ఇంకా చేరని దిబాకర్ కుండు మీ కాట్వావాడేనట. చేరతాడో లేదో మెల్లగా కనుక్కో.

నీ మేనకోడలు,
శ్యామలి

తా.క. మెల్లగా అంటే నీకు తెలిసిన మెల్లగా కాదు.

---

కాట్వా

చి. శ్యామలికి ఆశీస్సులు.

రైల్లో అయితే సీటున్నవాణ్ణే కాస్త జరగమంటాం కదా! తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. "ఏం బాబూ, చేరతావా, మానతావా? అక్కడ మా పిల్ల నిలబడి ఉంది" అన్నాను. బిక్కమొహం వేశాడు. "అమ్మకి పక్షవాతం మాశీమా, వదిలి ఎలా వెళ్లను?" అన్నాడు. మానేస్తాడులే, నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ పిశీమా,
బీణాపాణి

తా.క. పిల్లాడు ఎండుపుల్లలా ఉన్నాడు. రేపు ఆవపెట్టిన ఇలిశ్ చేప కూర పట్టుకెళ్తున్నా.

---

శ్యాంబజార్

పూజ్య పిశీమాకు,

కూరెందుకే తల్లీ, లంచం అంటారు! నోటిమాట చెల్లదు. "నేను చేరను" అని అతను ఆఫీసుకు రాసి పంపాలి, అదీ గడువులోగా అందాలి.

శ్యామలి

తా.క. ఆవ తగ్గించు. ఘాటెక్కితే ఆ కోపంలో వెళ్లి చేరిపోగలడు.

---

కాట్వా

బంగారుతల్లికి,

తిట్టకు. "చేరను" అని రాయడానికే కూర్చున్నాడు. కళ్లనీళ్లు కాగితం మీద పడుతున్నాయి. వాళ్లమ్మ మంచంలోంచి అలాగే చూస్తోంది. నా మనసు ఆగలేదే. "ముందు అన్నం తిను. మీ అమ్మను నేను చూసుకుంటా, వెళ్లి చేరు" అన్నాను. నిన్ననే రైలెక్కించాను. నీకు అన్యాయమే చేశాను. కానీ వాడూ పరీక్ష రాసినవాడే కదా.

పాపిష్ఠి పిశీమా

తా.క. ఇలిశ్ గుడ్లు మిగిలాయి, పంపనా?

---

శ్యాంబజార్

పిశీమా,

గుడ్లూ వద్దు, నీ ఉత్తరాలూ వద్దు.

శ్యామలి

తా.క. ఎన్ని మిగిలాయి?

---

పురూలియా

శ్రీచరణాలకు సాష్టాంగం.

అవును, పురూలియా నుంచే! దిబాకర్ చేరిన రోజు పక్క కుర్చీ ఖాళీగా ఉందట, అందరూ దానికి గొడుగులు తగిలిస్తున్నారట. ఆ కుర్చీకి ఎంపికైన మనిషి రైల్వేలో చేరిపోయి, ఇక్కడికి రానని ఎప్పుడో రాసిచ్చాడు. పట్టించుకున్నవాడు లేడు. దిబాకరే పెద్దసారు దగ్గరికెళ్లి, "ప్యానెల్‌కి ఇంకా గడువుంది సార్, శ్యామలిని పిలవండి" అన్నాడు. మహాలయకు ముందే ఉత్తర్వు వచ్చింది. ఆవేళ నువ్వు జాలి పడకపోతే అతను ఊళ్లోనే ఉండిపోయేవాడు, అతను రాసిచ్చిన కాగితమూ ఇలాగే మూలపడేది, ఈ కుర్చీ గొడుగులకే మిగిలేది. నిన్ను అన్నన్ని మాటలన్నాను, క్షమించు.

నీ శ్యామలి

తా.క. ఒకే ప్యానెల్‌వాళ్లమే అయినా, ముందు చేరాడు కాబట్టి తనే సీనియరట. ఫ్యాను కింద చోటు లాక్కున్నాడు. రేపు పెద్దసారుకు అర్జీ పెడుతున్నాను.