రూతమ్మక్క తిరిగి తెచ్చిన బియ్యం

ఆదివారం, రాత్రి

మా చర్చిలో పేదల సాయం చూసే డీకన్‌గా నన్ను నిలబెట్టి నెల కూడా కాలేదు. ఇవాళ ఆరాధన అయ్యాక పాస్టరుగారూ నేనూ రూతమ్మక్క ఇంటికి బియ్యం బస్తా తీసుకెళ్ళాం. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ ఆమె చేతులు పుండ్లు పడ్డాయి. మూడు వారాలుగా పనికి పోవడం లేదు.

"ఫొటో తియ్యండి, సంఘం వాట్సాప్ గ్రూపులో పెడదాం" అన్నారు పాస్టరుగారు.

"ఫొటో వద్దు తమ్ముడూ. నాతో కూలికి వచ్చేవాళ్ళంతా చూస్తారు" అంది అక్క, నా వంకే చూస్తూ. అయినా తీశాను. ఆయన మాట కాదనలేకపోయాను. ఇల్లు చేరేలోపే ఆయన దాన్ని గ్రూపులో పెట్టేశారు.

సాయంత్రం అక్క ఆ బస్తా నెత్తిన పెట్టుకుని, గుడ్డలు చుట్టిన చేతులతో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అరుగు మీద దించి, "ఇంకెవరికైనా ఇచ్చుకోండి డీకన్‌గారూ" అంది. ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ అలా పిలవలేదు.

గ్రూపులోంచి ఫొటో తీసేయమని పాస్టరుగారికి ఫోన్ చేశాను. "అందరూ చూసేశారు కదా, ఇంకెందుకయ్యా?" అన్నారు.

రేపు పొద్దున్నే వెళ్ళి క్షమించమని అడగాలి. బియ్యం తీసుకెళ్ళాలో, వట్టి చేతులతో వెళ్ళాలో తెలియడం లేదు. ఇవాళ వాళ్ళింట్లో పొయ్యి వెలిగిందో లేదో కూడా నేను అడగలేదు.