సిద్ధమ్మ వకాలత్

హిందూపురం,
ఆదివారం.

చౌడేశ్వరికి,

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. అక్కడ నువ్వూ అత్తయ్యా మామయ్యా కులాసా అని నీ ఉత్తరం చూసి నిమ్మళించాం.

ముందు నువ్వు అడిగినవి. జ్వరం తగ్గింది. బోర్డు తగిలించాను, కింది అంగడి టైలర్ రంగయ్య నిచ్చెన పట్టుకున్నాడు. కేసులంటావా, రెండు నోటీసులు, ఒక అఫిడవిట్టు. ఎవరైనా మెట్లెక్కితే కాలర్ సర్దుకుంటాను. వాళ్లు పైనున్న పళ్ల డాక్టరు దగ్గరికి పోతారు.

సీనియర్ లాయర్ల దగ్గర ఇద్దరం ఒకే రోజు మానేశాం. నువ్వు ధర్మవరంలో మీ ముందుగదిలో, మగ్గం తీసిన చోట టేబుల్ వేసుకున్నావు. ఏడు నెలలకే నేతవాళ్లంతా నీ దగ్గరికే. పోయిన నెల పెనుకొండ కోర్టులో గుమాస్తా, "ఏమప్పా, చౌడేశ్వరమ్మ ఇంటాయన కదా నువ్వు?" అన్నాడు. తలూపాను. బస్సు దిగేదాకా అదే మాట చెవిలో. ఆ సాయంత్రం ఇంజంక్షన్ వచ్చిందని నువ్వు ఫోన్ చేస్తే సంతోషమన్నాను. సంతోషం కాదది, కుళ్లు.

ఫోన్లో చెప్పలేకే ఇది రాస్తున్నాను. మరో వారానికి సిద్ధమ్మ అనే పెద్దావిడ నా ఆఫీసుకు వచ్చింది. పెనుకొండ పక్క పల్లె. ఆమె శెనక్కాయల చేను తనదంటూ మరిది కొడుకు దావా వేశాడు.

"చౌడేశ్వరమ్మ యాడుంటాది నాయనా? నువ్వు ఆయమ్మ ఇంటాయనంట కదా. కేసు ఆయమ్మకే ఇయ్యల్లని వచ్చినా."

"ఆయమ్మ ఇప్పుడు కొత్త కేసులు తీసుకునేది లేదవ్వా. నేను చూస్తా" అన్నాను.

ఆమె నన్నూ ఖాళీ కుర్చీలనూ చూసి, "వద్దులేప్పా" అని దిగిపోయింది.

మొన్న గురువారం పెనుకొండ కోర్టులో నా కళ్లముందే ఆమె లాయరు లేకుండా ఒక్కతే నిలబడింది. జడ్జి అడిగితే, "నేను పెట్టుకుందామనుకున్న ఆయమ్మ తీసుకోదంట సారూ" అంది. దావాకు జవాబు వేసుకోవడానికి చివరి అవకాశమని పద్దెనిమిదో తేదీకి వాయిదా వేశారు.

వరండాలో ఆమెకు నిజం చెప్పేశాను.

"ఎందుకట్ల చెప్పినావు?"

"ఆమెకు పేరొస్తాంటే ఓర్చుకోలేకపోయినానవ్వా."

"నీ పెండ్లామే కదప్పా."

"అందుకే."

"నా చేను పోయింటే నువ్విచ్చేవాడివా?"

ఆమె తరఫున వాదించే లాయరుగా వకాలత్ ఫారంలో నీ పేరు రాశాను, ఆమె వేలిముద్ర వేసింది. నీ సంతకమే మిగిలింది. వచ్చే గురువారం ఆమె కాగితాలతో మీ ఇంటికి వస్తుంది. ఆమె నోట వినకముందే నా చేతిరాతలో నీకు తెలియాలని రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ధర్మవరం వచ్చెయ్యి, ఒకే ఆఫీసు పెట్టుకుందామన్నావు. ఇప్పుడు రాను. వచ్చినవాళ్లు ముందు ఎవరిని అడుగుతారో చూస్తూ కూర్చుంటాను. అది నీకూ మంచిది కాదు.

అసూయ పోయిందని రాస్తే రెండో అబద్ధమవుతుంది. ఆ ఫారంలో అడ్వకేట్ అని ఉన్న గీత మీద నీ పేరు రాయబోతే చెయ్యి ఆగింది. అయినా రాశాను. నన్ను తర్వాత తిట్టు, ముందు ఆమె జవాబు దాఖలు చెయ్యి.

ఇట్లు,
నీ పెనిమిటి
కేశవ